నూరేళ్ళు దాటినా నిలిచిన జార్జీనా చేప

మగవాళ్ళు చెప్పుకునే గొప్పల్లో చేపల కథ ఒకటి. గాలానికి చిక్కినప్పుడు జానెడున్న చేప ఇంటికొచ్చేసరికి మూరెడవుతుంది. నలుగురిలో కూర్చుని చెప్పేసరికి బారెడవుతుంది. చేతులు రెండూ బార్లా చాపి ఇంత పొడుగని వాళ్ళు చూపిస్తుంటే, మనం కొంగు చాటున నవ్వుకుంటూ తలూపడం మామూలే. ఈ తంతు మన చెరువు గట్ల మీదే కాదు, తెల్లవాళ్ళ దేశాల్లోనూ ఉంది. మరి అలాంటి చేపల గొప్పలకు పుట్టినిల్లయిన బ్రిటన్‌లో, గాలంతో పట్టిన సాల్మన్ చేపలన్నిటిలోకీ పెద్దదిగా రికార్డుకెక్కిన చేపను పట్టిందెవరో తెలుసా? ఏ జమీందారో, ఏ మిలిటరీ దొరో కాదు. నర్సు పని చేసిన ఒక పల్లెటూరి స్త్రీ. పేరు జార్జీనా బాలంటైన్. ఆ చేపను పట్టింది 1922 అక్టోబరు 7న. నూరేళ్ళు దాటిపోయాయి. ఇప్పటికీ ఆ రికార్డును కొట్టినవాళ్ళు లేరు!

ఆ చేప బరువు 64 పౌండ్లు. మన లెక్కలో 29 కిలోలు. ఎంతుంటుందో తెలియాలంటే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, వంటింట్లో చూడండి. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు అంత బరువుంటుంది. సిలిండర్‌ను గుమ్మంలోంచి స్టవ్ దాకా దొర్లించడానికే మనకు నడుం పట్టేస్తుంది కదా! అలాంటిది ప్రాణంతో ఉండి, కోపంతో ఉండి, పారే నదిలో ఎదురు లాగుతుంటే, సన్నటి దారంతో రెండు గంటలపాటు దాన్ని నిలిపి ఉంచడం ఎలాంటి పనో ఊహించుకోండి.

నది ఒడ్డున పుట్టిన పిల్ల

స్కాట్లండ్‌లో పెర్త్ పట్టణానికి దగ్గర్లో కేపుత్ అని ఒక చిన్న ఊరు. దాని పక్కనే టే నది. స్కాట్లండ్‌లోని నదులన్నిటిలోకీ పొడవైనది అదే. జార్జీనా 1889లో పుట్టింది. తండ్రి జేమ్స్ బాలంటైన్ ఆ ఊరికి రిజిస్ట్రారు. పుట్టినవాళ్ళూ, పెళ్ళయినవాళ్ళూ, పోయినవాళ్ళూ ఆయన పుస్తకంలోకి ఎక్కాల్సిందే. దాంతోపాటు గ్లెన్‌డెల్వైన్ ఎస్టేట్ యజమాని సర్ అలెగ్జాండర్ లైల్ దగ్గర పడవ నడిపే పని కూడా ఆయనదే. అక్కడ అలాంటివాళ్ళను గిల్లీలంటారు. దొరలు చేపల వేటకొస్తే పడవ తోలడం, చేప ఎక్కడుంటుందో చూపించడం, చిక్కిన చేపను కొక్కేనికి తగిలించి పైకి లాగడం గిల్లీ పని. గాలం మటుకు దొర చేతిలోనే ఉంటుంది. పేరూ దొరదే.

ఈ లైల్ కుటుంబం చక్కెర వ్యాపారంలో పైకొచ్చినవాళ్ళు. టేట్ అండ్ లైల్ అనే పేరు చక్కెర తయారీలో ప్రపంచమంతా తెలిసిందే. డబ్బున్నవాళ్ళు నది ఒడ్డున ఎస్టేటు కొనుక్కుంటే, దానితోపాటు ఆ మేర నదిలో సాల్మన్ పట్టుకునే హక్కు కూడా కొనుక్కునేవాళ్ళు. స్కాట్లండ్‌లో ఇదొక వింత. నదిలో నీళ్ళు పారుతుంటే చూడ్డానికి అందరూ చూడొచ్చు కానీ, అందులో సాల్మన్‌ను పట్టే హక్కు ఇల్లూ పొలంలాగే ఒకరి సొంత ఆస్తి. ఆ హక్కును అమ్ముకోవచ్చు, కౌలుకివ్వొచ్చు, వారసులకు రాసివ్వొచ్చు. కాబట్టి నది పక్కనే పుట్టి, నది నీళ్ళు తాగి పెరిగిన జార్జీనా గాలం వెయ్యాలన్నా దొరగారి సెలవు కావాల్సిందే.

అయినా తండ్రి పడవ నడిపేవాడు కావడంతో ఆ పిల్లకు నది భాష చిన్నప్పుడే వచ్చేసింది. ఏ రాయి చాటున నీళ్ళు సుడి తిరుగుతాయో, ఏ మడుగులో చేప సేదతీరుతుందో, తండ్రి వెంట తిరుగుతూ నేర్చుకుంది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు నర్సుగా వెళ్ళి గాయపడిన సైనికులకు సేవ చేసింది. యుద్ధం అయిపోయాక ఊరికి తిరిగొచ్చి, ముసలివాడవుతున్న తండ్రికి తోడుగా నిలిచింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు.

మన పులసకు దూరపు చుట్టం

ఇక్కడ సాల్మన్ గురించి కాస్త చెప్పుకోవాలి. మన నంద్యాల వైపు వాళ్ళకు కుందూలోనూ, కె.సి. కాలువలోనూ దొరికే కొరమీనూ, బొచ్చె తెలుసు. సాల్మన్ తీరు వేరు. దాన్ని అర్థం చేసుకోవాలంటే గోదావరి జిల్లాల పులసను తలుచుకోవాలి. వానాకాలంలో ఎర్రనీళ్ళు రాగానే పులస సముద్రం వదిలి గోదావరికి ఎదురీదుకుంటూ వస్తుంది కదా! సాల్మన్ కూడా అంతే. రెండిటిదీ ఒకే జాతి కాకపోయినా బతుకుదారి మాత్రం ఒకటే.

సాల్మన్ పుట్టేది నదిలో పైన ఎక్కడో, చల్లటి నీళ్ళ కింద గులకరాళ్ళ మధ్య. రెండు మూడేళ్ళు అక్కడే పెరిగి, తర్వాత సముద్రంలోకి వెళ్ళిపోతుంది. గ్రీన్లాండ్ దాకా కూడా వెళ్ళి, మంచి తిండి తిని బలిసి, గుడ్లు పెట్టే వేళకు తను పుట్టిన నదికే వెతుక్కుంటూ తిరిగొస్తుంది. ఆ నది నీళ్ళ వాసన గుర్తుపట్టి వస్తుందని శాస్త్రవేత్తలు అంటారు. పుట్టింటి దారి మరిచిపోని ఆడపిల్లలాగన్నమాట! గుడ్లు పెట్టడానికి ఆడచేపే తోకతో గులకరాళ్ళను తోసి గుంట తవ్వుతుంది. గుడ్లు పెట్టాక మళ్ళీ రాళ్ళతో కప్పేదీ అదే.

ఇంకో వింత ఏంటంటే, నదిలోకి అడుగుపెట్టాక సాల్మన్ తిండి మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెలలపాటు గడుపుతుంది. మరి ఆకలి లేని చేప గాలానికి ఎందుకు చిక్కుతుంది? కోపంతో కొరుకుతుందని కొందరూ, పాత అలవాటు కొద్దీ నోరు తెరుస్తుందని కొందరూ అంటారు. అందుకే దీన్ని పట్టడం అంత కష్టం. ఆకలిగా ఉన్న చేపను వానపాముతో మోసం చెయ్యొచ్చు. ఆకలే లేనిదానికి కోపం తెప్పించాలి!

ఈ కోపం తెప్పించే సాధనాల్లో పేరున్నది ఫ్లై. సన్నటి కొక్కేనికి ఈకలూ, వెంట్రుకలూ, పట్టుదారం, మెరుపు తీగా చుట్టి చేసే రంగురంగుల ఎర అది. తినడానికి అందులో ఏమీ ఉండదు. వట్టి సోకు! ఈ సోకుకు మన దేశానికీ సంబంధం ఉంది. దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ మీది ఈకల కోసం ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు పడిచచ్చేవారు. మైనపు చుక్కలు పెట్టినట్టు మెరిసే ఆ ఈకలు ఓడలెక్కి వెళ్ళి స్కాట్లండ్ నదుల్లో ఎర అయ్యేవి. మన దేశంలో 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ కోడిని వేటాడటం నేరం.

ఆ సాయంత్రం ఏం జరిగిందంటే...

1922 అక్టోబరు 7, శనివారం. జార్జీనాకు అప్పుడు 32 ఏళ్ళు. ఆ రోజు ఆమె గాలానికి మూడు సాల్మన్లు చిక్కాయి. ఒకటి 17, ఒకటి 21, ఇంకొకటి 25 పౌండ్లు. మామూలు మనిషైతే ఆ మూడింటితో తృప్తిపడి ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకునేవాడు. తండ్రీకూతుళ్ళు మాత్రం పొద్దువాలే వేళకు మళ్ళీ పడవెక్కారు. తండ్రి తెడ్డు వేస్తుంటే, పడవ వెనక రెండు గాలాలు నీళ్ళలో తేలుతూ వస్తున్నాయి. పడవను నదికి అడ్డంగా అటూ ఇటూ నడుపుతూ ఎరను వెనక లాగించుకుంటూ పోయే పద్ధతి అది. ఒక గాలానికి ఫ్లై కట్టారు. జార్జీనా చేతిలో ఉన్నదానికి డేస్ అనే చిన్న చేపను ఎరగా పెట్టారు.

బోట్ పూల్ అనే మడుగు దగ్గర సాయంత్రం ఆరు దాటాక ఆమె గాలం ఒక్కసారిగా బరువెక్కింది. చేప ఎరను అందుకుంది. కాసేపు కదల్లేదు. తర్వాత ఒక్క ఊపున నది వాలుకు పరుగందుకుంది. రీలు మీది దారం సర్రున విడిపోతోంది. దారం అయిపోతే చేప పోయినట్టే. కాబట్టి తండ్రి పడవను చేప వెనకే తోలాడు. అలా దాదాపు అర మైలు దూరం, కేపుత్ వంతెన దాకా చేప ముందు, పడవ వెనక! వంతెన స్తంభాల దగ్గర అసలు గండం. చేప కనుక స్తంభం చుట్టూ ఒక్క చుట్టు తిరిగిందా, దారం రాతికి రాసుకుని పుటుక్కుమంటుంది. ఆ గండం ఎలాగో తప్పించుకున్నారు. ఈలోగా చీకటి పడిపోయింది. చేప ఎంతుందో ఇద్దరికీ కనపడటం లేదు. చేతికి తెలుస్తున్న బరువొక్కటే ఆధారం.

గాలం పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కి, చచ్చుబడిపోతున్నట్టు అనిపించినా జార్జీనా వదల్లేదు. చేప లాగినప్పుడు దారం వదలాలి. అలిసినప్పుడు చుట్టుకోవాలి. గట్టిగా లాగితే దారం తెగుతుంది, వదులైతే కొక్కెం జారిపోతుంది. కండబలంతో జరిగే పని కాదిది, ఓపికతో జరగాల్సింది. చూడండి, ఉడుకుతున్న పాకం దగ్గర నిలబడి తీగపాకమా ముదురుపాకమా అని వేళ్ళతో చూసుకునే మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా!

చిక్కినప్పటినుంచి లెక్కేస్తే రెండు గంటల ఐదు నిమిషాలు. చివరికి చేప పడవ పక్కకు వచ్చింది. తండ్రి ఆ చీకట్లోనే కొక్కెంతో దాన్ని అందుకుని పడవలోకి లాగాడు. తూచితే 64 పౌండ్లు! పొడవు 54 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగులు. నాలుగో ఐదో క్లాసు చదివే పిల్లంత అన్నమాట. చుట్టుకొలత 28న్నర అంగుళాలు.

ఇంతకుముందు ఇదే నదిలో, 1868లో, ఒక క్రైస్తవ మతగురువు ఒక మహా చేపను గాలానికి తగిలించి, పది గంటలు దానితో పెనుగులాడి, ఆఖర్న దారం చేతికొచ్చి చేప చేజారిపోయిందని ఒక పెద్ద కథ రాసుకున్నాడు. తర్వాత బిషప్ అయిన బ్రౌన్ గారాయన. చేజార్చుకున్న కథ కూడా అంత ప్రసిద్ధి అయింది చూశారా! చేత చిక్కించుకున్న జార్జీనాకు దక్కిందేమిటో ఇప్పుడు చెబుతాను.

చేప ఎవరిది? పేరు ఎవరిది?

ముందే చెప్పాను కదా, సాల్మన్ హక్కు దొరగారిదని. కాబట్టి ఆ చేప కూడా జార్జీనాది కాదు. సర్ అలెగ్జాండర్ లైల్ దాన్ని పెర్త్ రాయల్ ఇన్‌ఫర్మరీకి, అంటే అక్కడి పెద్దాసుపత్రికి ఇచ్చేశాడు. రోగులకూ, సిబ్బందికీ వండిపెట్టారు. నర్సుగా పనిచేసిన ఆమెకు ఈ సంగతి బాధ కలిగించి ఉండదనే నేననుకుంటాను. అంతకన్నా మంచి చోటికి పోవడానికి ఆ చేపకు మాత్రం ఏముంది!

ఆసుపత్రికి పంపేముందు దాని అచ్చు పోసి ఉంచారు. పెర్త్‌లో మాలక్ అనే చేపల సామాను కొట్టు ఉండేది. ఆ కొట్టు కిటికీలో దాన్ని పెట్టారు. జనం ఎగబడి చూశారు. జార్జీనా కూడా ఒకరోజు గుంపు వెనక నిలబడి చూస్తోంది. ముందున్న ఇద్దరు ముసలాయనలు ఆ చేపను తేరిపార చూసి, ఇంత చేపను ఆడది ఎక్కడైనా పట్టగలదా, ఇదంతా ఒట్టి మాట అని తేల్చేసుకున్నారు. ఆ ఆడది వాళ్ళ వెనకే నిలబడి ఉంది. ఆమె ఏమీ మాట్లాడకుండా వచ్చేసింది. ఈ సంగతి తనే తర్వాత నవ్వుతూ చెప్పుకుంది.

ఇది చదివినప్పుడు నాకు మా వక్కిలేరు గుర్తొచ్చింది. మా పుట్టిల్లు ఆళ్ళగడ్డ. నా చిన్నప్పుడు వాన్లు పడి వక్కిలేరులో నీళ్ళొస్తే మా అన్నోళ్ళు వెదురు కర్రకు దారం కట్టి గాలం వేసేవాళ్ళు. పేడదిబ్బ పక్కన తవ్వి ఎర్రలు ఏరి, కొబ్బరి చిప్పలో మట్టేసి పట్టుకొచ్చే పని మాత్రం నాది. నాలుగు చేపలు పడితే, అవి తోమి, బూడిదతో రుద్ది, కోసి, చింతపులుసు పెట్టే పని అమ్మదీ అవ్వదీ. గాలం కర్ర ఒక్కసారి ఇమ్మంటే, నీకు చేప పడదు అమ్మీ అని నవ్వేవాళ్ళు. పడుతుందో పడదో చూసే వీలే నాకు చిక్కలేదు. ఇప్పుడు నంద్యాల మార్కెట్టుకు పొండి. చేపలు గంపలో పెట్టుకుని కూర్చునేది ఆడవాళ్ళు. పొలుసు గీకేది ఆడవాళ్ళు. బేరమాడేదీ, కొనేదీ, వండేదీ ఆడవాళ్ళు. వల, గాలం మటుకు మగవాళ్ళ సొత్తు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలీదు కానీ, మనం నమ్మేశాం.

మా ఊరికి దగ్గర్లోని అహోబిలంలో అయితే ఇంకో కథ ఉంది. సాక్షాత్తూ నరసింహస్వామి మనసు దోచుకుంది విల్లంబులు పట్టి అడవిలో తిరిగిన చెంచులక్ష్మి. వేటాడే అమ్మాయిని దేవుడు పెళ్ళాడొచ్చు, ఏటా కల్యాణం చేసి మనం అక్షింతలు వేయొచ్చు. మన ఇంటి పిల్ల గాలం కర్ర అడిగితే మాత్రం నవ్వొస్తుంది!

ఒక్క జార్జీనాయేనా?

ఏదో అదృష్టం బాగుండి ఒక్కసారి అలా జరిగిందిలే అనుకునేవాళ్ళుంటారు కదా. వాళ్ళ కోసమే అన్నట్టు తర్వాతి రెండేళ్ళలో మరో ఇద్దరు స్త్రీలు ముందుకొచ్చారు.

1923 మార్చి 13న వై నదిలో, విన్‌ఫర్టన్ అనే చోట, డోరీన్ డేవీ అనే యువతి 59న్నర పౌండ్ల సాల్మన్ పట్టింది. అది వసంతకాలపు చేపల్లో బ్రిటన్ రికార్డు. అప్పుడు కూడా పోరాటం దాదాపు రెండు గంటలు. అప్పుడు కూడా చీకటి. ఒడ్డున మంట వేసి, ఆ వెలుతురులో చేపను బయటికి లాగారు.

ఇంకో మాట కూడా అన్నారు. జార్జీనా చేపైనా, డోరీన్ చేపైనా ఫ్లైతో పట్టింది కాదు కదా అని. చేపల వేటలో కూడా మడీ ఆచారం ఉంటుందండీ! నిజమైన వేటగాడు ఫ్లైతోనే పట్టాలనేది పెద్దవాళ్ళ పట్టింపు. సరే, దానికీ జవాబొచ్చింది. 1924 అక్టోబరు 21న, స్కాట్లండ్‌లోని డెవరాన్ నదిలో, మౌంట్‌బ్లేరీ దగ్గర, క్లెమెంటీనా మోరిసన్ అనే ఇల్లాలు ఫ్లైతోనే 61 పౌండ్ల సాల్మన్‌ను పట్టింది. ఆమెను అందరూ టైనీ అని ముద్దుగా పిలిచేవారు. టైనీ అంటే చిన్నారి. ఆ చిన్నారి వాడిన ఫ్లై అంగుళంపావు ఉంటుంది. బ్రిటన్‌లో ఫ్లైతో పట్టిన అతిపెద్ద సాల్మన్ ఇప్పటికీ అదే!

ప్రపంచం మొత్తం మీద చూస్తే గాలానికి చిక్కిన ఇంతకన్నా పెద్ద అట్లాంటిక్ సాల్మన్ ఉంది. 1928లో నార్వేలోని టానా నదిలో హెన్రిక్ హెన్రిక్సన్ పట్టింది దాదాపు 36 కిలోలు. ఆ గౌరవం ఆయనకు ఉండనిద్దాం. బ్రిటన్ వరకు మాత్రం 1922, 1923, 1924... వరసగా మూడేళ్ళు, ముగ్గురు స్త్రీలు, మూడు రికార్డులు.

వాసన కథ

మరి దీనికి మగవాళ్ళు కారణం వెతక్కుండా ఊరుకుంటారా? 1990లో బ్రిటన్‌లో ఒక పుస్తకం వచ్చింది. విల్మా పాటర్సన్ అనే రచయిత్రీ, పీటర్ బేహన్ అనే గ్లాస్గో ప్రొఫెసరూ కలిసి రాశారు. ఆడవాళ్ళ ఒంటినుంచి వచ్చే కొన్ని పదార్థాల వాసన ఎరకు అంటుకుంటుందనీ, దానికి మగ సాల్మన్లు ఆకర్షణకు లోనవుతాయనీ వాళ్ళ ఊహ. పత్రికలవాళ్ళకు ఇది పండగలా దొరికింది. శాస్త్రం మాత్రం దీన్ని రుజువైన సంగతిగా ఒప్పుకోలేదు.

నాకు వెంటనే మన మత్స్యగంధి గుర్తొచ్చింది. భారతంలో సత్యవతి యమునలో పడవ నడిపిన పిల్ల. రేవు దాటించడం ఆమె వృత్తి. ఎండనకా వాననకా తెడ్డు వేసిన ఆ చేతుల గురించి మనం ఎప్పుడైనా చెప్పుకున్నామా? చేపల వాసన కొట్టేదనీ, పరాశరుడి వరంతో ఆ వాసన పోయి యోజనగంధి అయిందనీ, ఎప్పుడు చూసినా ఆ వాసన కథే! టే నది ఒడ్డునా అదే జరిగింది.

ఒక్క నిమిషం వాళ్ళ మాటే నిజమనుకుందాం. వాసన చూసి చేప ఎరను కొరికిందనే అనుకుందాం. కొరికిన తర్వాత రెండు గంటల ఐదు నిమిషాలు దాన్ని తెగకుండా, జారకుండా పట్టి ఉంచింది ఏ వాసన? వంతెన స్తంభం తప్పించింది ఏ వాసన? అది చెయ్యి నేర్చిన పని. చిన్నప్పటినుంచి తండ్రి పక్కన పడవలో కూర్చుని నేర్చిన విద్య. అసలు ఆడవాళ్ళు సాధించినదానికి అదృష్టమనో, అందమనో, వాసననో పేరు పెట్టడం కొత్తేం కాదు. పిల్లకు ఫస్టు క్లాసొస్తే దిద్దినవాళ్ళు జాలితో వేశారనే మాట మన ఇళ్ళలో వినలేదూ?

చేపల వేట అనేది మగవాళ్ళ విద్యేనని ఎవరన్నా అంటే ఇంకో రెండు సంగతులు చెప్పండి. ఇంగ్లీషులో గాలం వేట గురించి అచ్చయిన మొట్టమొదటి పుస్తకం 1496 నాటిది. అది రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని అక్కడివాళ్ళు వందల ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చారు. అలాగే ఇరవయ్యో శతాబ్దంలో ఫ్లైలు కట్టడంలో అంతటివాళ్ళు లేరని పేరు తెచ్చుకున్న మెగన్ బాయ్డ్ కూడా స్త్రీయే. 1915లో పుట్టి 2001లో పోయింది. స్కాట్లండ్‌లో బ్రోరా దగ్గర చిన్న కుటీరంలో కూర్చుని యువరాజులకు కూడా ఫ్లైలు కట్టిచ్చింది. తను మాత్రం చేపలు పట్టేది కాదు. వాటిని చంపడం ఆమెకు ఇష్టం లేదు. ప్రభుత్వం 1971లో పతకం ప్రకటిస్తే, తన కుక్కను చూసుకునేవాళ్ళు ఎవరూ లేరని తీసుకోవడానికి వెళ్ళలేదట!

చివరి రోజులు

జార్జీనా ఆ తర్వాత పెద్ద ప్రఖ్యాతి కోసం ఎక్కడికీ పోలేదు. కేపుత్‌లోనే, నది పక్కనున్న ఇంట్లోనే ఉండిపోయింది. తండ్రి తర్వాత రిజిస్ట్రారు పని ఆమె చేతికొచ్చింది. ఊళ్ళో ఎవరింట్లో పాప పుట్టినా, ఎవరింట్లో పెద్దాయన పోయినా ఆమె దగ్గరికే వచ్చి రాయించుకునేవాళ్ళు.

వయసు మీద పడ్డాక కీళ్ళవాతం ఆమెను పీడించింది. అంత బరువును నిలిపిన ఒళ్ళు నొప్పులతో వంగిపోయింది. చివరికి రెండు కాళ్ళూ తీసేయాల్సి వచ్చింది. పడవ ఎక్కడం, గాలం వెయ్యడం అన్నీ ఆగిపోయాయి. 1970లో, ఎనభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

కాలూ చెయ్యీ ఆడినన్నాళ్ళు పనిచేసి, ఆడనప్పుడు కిటికీలోంచి చూస్తూ గడిపిన ఆడవాళ్ళు మనకూ తెలుసు. వాళ్ళు ఒకప్పుడు ఏం చేశారో అడిగేవాళ్ళు ఉండరు. మీ ఇంట్లో మంచం పట్టిన అవ్వను ఒకసారి అడిగి చూడండి. ఏ బావిలో దూకి ఎవరిని బయటికి తీసిందో, ఏ రాత్రి ఎన్ని మైళ్ళు నడిచిందో... మీకు తెలియని రికార్డు ఒకటి బయటపడొచ్చు.

ఇక ఆ రికార్డు ఎవరు కొడతారు?

ఇప్పుడు అసలు విషాదం చెప్పాలి. జార్జీనా రికార్డును ఇక ఎవరైనా దాటడం కష్టమే. దానికి కారణం వేటగాళ్ళు తగ్గిపోవడం కాదు, చేపలే తగ్గిపోవడం. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. సముద్రం వేడెక్కడం, నదులకు అడ్డుకట్టలు, మురుగునీళ్ళు, పెంపకపు సాల్మన్లనుంచి వచ్చే పురుగులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు అక్కడ గాలానికి చిక్కిన సాల్మన్‌ను ఎక్కువమంది జాగ్రత్తగా మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తున్నారు. 64 పౌండ్లను మించిన చేప ఎవరికైనా చిక్కినా, బహుశా తూకం దాకా రాకుండానే అది నదిలోకి పోతుంది.

మన పులస సంగతీ అంతే. ధవళేశ్వరం దాకా వచ్చి ఆనకట్ట దగ్గర ఆగిపోయే పులసలు ఏటికేడు తగ్గిపోతున్నాయని గోదావరి వాళ్ళు వాపోతున్నారు. ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. గుడ్లతో ఎదురీదే తల్లిచేపను దారిలోనే పట్టి పులుసు పెట్టుకుంటే, మరుసటేడు వచ్చేదెక్కడినుంచి? ఇది చేపలు వండే మనకు తెలియాల్సిన సంగతి. గుడ్లతో ఉన్న చేప రుచిగా ఉంటుందని అడిగి మరీ కొనేది మనమే కదా!

జార్జీనా చేప అచ్చు పెర్త్ మ్యూజియం సొత్తు. పిల్లలు దాన్ని చూసి నోరెళ్ళబెడతారు. ఎంత పెద్ద చేపో అనుకుంటారు. ఆ చేప పక్కన ఆమె పేరు ఉంది. ఆ ముసలాయనలు నమ్మని పేరే, నూరేళ్ళుగా అక్కడ నిలిచి ఉంది. చేపను దొర ఇచ్చేశాడు, ఆసుపత్రివాళ్ళు తినేశారు. ఆ పేరును మాత్రం ఎవరూ ఇంకొకరికి రాసివ్వలేకపోయారు.

వచ్చే వానాకాలం వక్కిలేరులోనో, కుందూలోనో నీళ్ళొచ్చినప్పుడు మీ ఇంటి ఆడపిల్ల గాలం కర్ర అడిగితే, చేప పడుతుందో లేదోనన్న లెక్క పెట్టుకోకండి. గట్టు జారుతుందని జాగ్రత్త చెప్పి, పక్కన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, కర్ర చేతికివ్వండి. ఎర్రలు ఏరే పని ఈసారి వాళ్ళన్నకు చెప్పండి.